ఆనాటి గాలి బరువు

కొత్తొక వింత, పాతొక రోత అంటారు గానీ, మా విమానం విషయంలో నాకు కొత్తే రోత. తమ్ముడూ నేనూ కలిసి కొన్న రెండు సీట్ల విమానం అది. కొన్న రోజున అమ్మ "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందట" అని నన్నే ఎత్తిపొడిచింది, వాణ్ణి ఒక్క మాట అనలేదు. వాడు జ్వరంతో పోయిన దగ్గర్నుంచి అది షెడ్డులోనే ఉంది. నాకూ లైసెన్సు ఉంది, వాడికున్న ధైర్యమే లేదు. అమ్మేయడానికి మనసొప్పలేదు. ఇకమీదట ఒంటరిగా ఎగరాలి కదా అని, పాత డయళ్లు తీయించి వాటి బదులు అన్నీ చూపే కంప్యూటర్ గాజు తెరలు పెట్టించడానికి ఒప్పుకున్నాను.

మెకానిక్ బాబాయ్ డయళ్లన్నీ ఊడదీసి, వేగం చూపేదాన్నీ ఎత్తు చూపే ఆల్టిమీటర్‌నీ మాత్రం వదిలేశాడు.

"కరెంటు పోతే తెరలు నల్లబడిపోతాయి. ఇవి గాలితోనే నడుస్తాయి తల్లీ, తోడుగా ఉండాలి," అన్నాడు.

"ఉంచు బాబాయ్. ఆల్టిమీటర్ నాబ్ మాత్రం ముట్టుకోకు."

ఆల్టిమీటర్ గాలి బరువును బట్టి ఎత్తు చెబుతుంది. ఆ బరువు రోజుకో రకంగా ఉంటుంది కాబట్టి, ఎగిరే ముందు ఎయిర్‌పోర్టు టవర్‌ను అడిగి, ఆనాటి అంకెను నాబ్ తిప్పి చిన్న గడిలోకి తెచ్చుకోవాలి. మా గడిలో ఇంకా 1009 ఉంది. మేమిద్దరం చివరిసారి ఎగిరిన రోజు వాడు తిప్పి పెట్టింది. వాడి బట్టలు పంచేశాను, ఫోను అమ్మకిచ్చేశాను. ఈ అంకె మాత్రం నాదే అనుకున్నాను.

బాబాయ్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"సూది చూడు. షెడ్డులో నిలబడి, ఉన్నచోటికి రెండు వందల అడుగులు పైనున్నానంటోంది. మబ్బులో దీన్ని నమ్ముకుని దిగావంటే, నువ్వనుకున్న దానికంటే ముందే నేల తగులుతుంది. తిప్పకుండా నేను పరీక్ష చెయ్యలేను. ఇలాగే కావాలంటే ఇంటికి పట్టుకుపోయి బీరువాలో దాచుకో, ఇక్కడ వేరేది బిగిస్తా."

ఒళ్లు మండింది. ఆయన చెప్పింది నిజం కాబట్టి ఇంకా మండింది. చీరల మధ్య దాచుకుంటే అది ఇంకెప్పుడూ పైకి లేవదు. వాడా, ఒక్కచోట కుదురుగా కూర్చున్న మనిషి కాదు. విమానం నేల తాకగానే ఈ ఆల్టిమీటర్ అద్దం మీద వేలితో కొట్టి, "దిగాం అక్కా, ఇంక ఊపిరి పీల్చుకో," అని ప్రతిసారీ ఏడిపించేవాడు.

"ఇవాళ్టి అంకె అడుగు బాబాయ్," అన్నాను. "నేనే తిప్పుతా."

1002 అన్నారు టవర్ వాళ్లు. బాబాయ్ జేబులోనే ఉన్న స్క్రూడ్రైవర్‌ను వెతుక్కుంటూ అవతలికి వెళ్లాడు. నాబ్ గాడుల్లో తమ్ముడి వేళ్ల జిడ్డు ఇంకా నల్లగా ఉంది. దాని మీదే వేళ్లు పెట్టి తిప్పాను. 1009 గడి అంచుకు జరిగి కనిపించకుండా పోయింది. సూది మెల్లగా కిందికొచ్చి, మేమున్న నేల ఎత్తు దగ్గర ఆగింది.

అద్దం మీద వేలితో కొట్టాను. ఊపిరి బిగబట్టి ఉన్నానని అప్పుడు తెలిసింది. వాడు చెప్పాలి కదా అని, కాసేపు అలాగే ఉన్నాను.