నట్టు మీద ఎర్రగీత

ఆ వారం రోజుల్లో వాజిదా చూసినన్ని చావులు తన అరవై ఎనిమిదేళ్ళ బతుకులో చూడలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక మనవరాలు తబస్సుం టీవీకి ఫోను కలిపి, వెనకటి రోజుల్లో విదేశాల్లో జరిగిన కారు పందేల డాక్యుమెంటరీలు పెట్టేది. మంటలంటుకున్న కార్లు, గడ్డిమోపుల్లోకి దూసుకుపోయిన కార్లు, చూడవచ్చిన జనం మీదికి ఎగిరిపడ్డ చక్రాలు. ఆ తర్వాత తెల్లజుట్టు ముసలమ్మ ఒకామె కుర్చీలో కూర్చుని, పక్కకి చూస్తూ నెమ్మదిగా మాట్లాడేది.

"ఏమంటోందే ఆవిడ?"

"పొద్దున కాఫీ తాగి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు అంటోంది నానమ్మా."

"అంతేనా? అంతసేపు మాట్లాడిందిగా!"

"మిగతాదంతా ఆ కాఫీ గురించే."

కార్లు నడిపినవాళ్ళ మీద వాజిదాకి పెద్దగా ధ్యాస లేదు. వాళ్ళ వెనక నూనె మరకల బట్టలతో, చేతిలో పానాతో నిలబడ్డవాళ్ళని చూసేది. "అతని పేరేంటే?" అనేది. "వెయ్యలేదు నానమ్మా" అనేది తబస్సుం. నాలుగు సినిమాలు చూసినా ఒక్కడి పేరూ వెయ్యలేదు.

ఊరికే చూడటం లేదు వాజిదా. వచ్చే ఆదివారం తనూ అలాంటి కుర్చీలో కూర్చోబోతోంది.

నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా, హైదరాబాదు రోడ్డు మీద, ఒకప్పుడు మోటారుసైకిలు పందేలు జరిగేవి. ఎదురెదురుగా రెండు లారీలొస్తే ఒకటి మట్టిలోకి దిగాల్సినంత సన్నరోడ్డు అప్పుడు. పొద్దు పొడుస్తుండగా మోతుబరి రైతుల కొడుకులు తలకి తువ్వాళ్ళు చుట్టుకుని బళ్ళు దూకించేవాళ్ళు. అడ్డరోడ్ల దగ్గర మనుషులు ఎర్రగుడ్డలు పట్టుకుని, ఎద్దుబళ్ళూ లారీలూ రోడ్డెక్కకుండా ఆపేవాళ్ళు. డెబ్భై తొమ్మిదిలో నందిగామ భవానీప్రసాద్ పెనుగంచిప్రోలు అడ్డరోడ్డు దగ్గర పడి చచ్చిపోయాడు. దాంతో పందేలు ఆగిపోయాయి. భవానీప్రసాద్ తమ్ముడు తిరుపతిరావు. ఆ తిరుపతిరావు మనవరాలు సింధూర ఇప్పుడు ఆ పందేల మీద డాక్యుమెంటరీ తీస్తోంది.

చచ్చిపోయినవాడి బండికి మెకానిక్ వాజిదా భర్త జాన్‌బాషా. ముందు చక్రం నట్టు జాన్‌బాషా సరిగా బిగించలేదనీ, చక్రం ఊడిపోబట్టే మనిషి పోయాడనీ పెద్దమనుషులు తేల్చారు. నలభై ఆరేళ్ళుగా ఆ మాటే నిలిచిపోయింది. అది అబద్ధమని నలుగురి ముందూ ఒక్కసారి అనిపించుకుంటే చాలు వాజిదాకి. ఇక ఏమీ అక్కర్లేదు.

ఆదివారం సింధూర వచ్చింది. వెంట కెమెరా పట్టుకుని దిలీప్ అనే కుర్రాడు. ఒకప్పుడు షెడ్డుగా ఉన్న ముందుగదిలోనే కుర్చీ వేశారు. దిలీప్ వాజిదా మెడ దగ్గర మైకు పెట్టబోయి మొహమాటపడి, ఆ పని తబస్సుంకి అప్పగించాడు.

"మామ్మగారూ, కెమెరాని మర్చిపోండి. నాతో కబుర్లు చెప్తున్నట్టే చెప్పండి," అంది సింధూర.

"పక్కకి చూడాలిగా. నాకు తెలుసమ్మా, చూశా."

సింధూర నవ్వింది. మంచి పిల్ల, నవ్వు ముఖమంతా ఉంది. వాజిదా చెప్పడం మొదలుపెట్టింది.

జాన్‌బాషాది పిచ్చి జాగ్రత్త. చెక్కదిమ్మ ఆనించకుండా లేపిన బండి కిందికి ఎవర్నీ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. పందెం బండికైతే ప్రతి నట్టూ బిగించి, నట్టు మీంచి కడ్డీ మీదికి ఒక సన్నటి గీత గీయించేవాడు, ఎర్ర గోళ్ళరంగుతో. నట్టు పిసరంత తిరిగినా గీత విరిగిపోతుంది. దూరం నుంచే తెలిసిపోతుంది. తన వేళ్ళు గ్రీజుతో మొద్దుగా ఉండేవి కాబట్టి, ఆ గీత గీసే పని పెళ్ళాందే. నమాజు చేసే ఇంట్లో గోళ్ళరంగు సీసాలేమిటని ఇరుగుపొరుగు నవ్వేవాళ్ళు. గోరింటాకు తప్ప గోటికి ఏ రంగూ ఎరగదు వాజిదా. ఆ రంగంతా నట్లకే పోయేది.

"ఆయన బిగించి 'పెట్టు' అనేవాడు. నేను పెట్టేదాన్ని. ఆ బండి ముందు చక్రానికీ పెట్టా. ఆయన పానా మీద ఒళ్ళంతా వాల్చి బిగించడం నా కళ్ళతో చూసి పెట్టా."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్పబోతే మా అత్త నా నోరు మూసింది. ఆడది చెయ్యి పెట్టిన బండి అని తెలిస్తే, అందుకే పడిందంటారే, ఇల్లు తగలబెడతారే అంది. నాకు ఇరవై రెండేళ్ళు. చంకలో యూనస్. నోరు మూసుకున్నా."

సింధూర సంచిలోంచి ఒక ఫోటో తీసింది. పందెం గెలిచినవాణ్ణి తీయడానికి పిలిపించిన స్టూడియో అతను, ఆ రోజు అడ్డరోడ్డు దగ్గర తీసింది. వాళ్ళింట్లో ట్రంకుపెట్టె అడుగున దొరికిందట.

వాజిదా కళ్ళజోడు తుడుచుకుని చూసింది. బండి పక్కకి పడి ఉంది. ముందు చక్రం అప్పడంలా వంగిపోయింది గానీ ఊడలేదు, ఉన్నచోటే ఉంది. నట్టు మీంచి కడ్డీ మీదికి నల్లటి గీత. నలుపూ తెలుపూ ఫోటోలో ఎరుపు నల్లగానే పడుతుంది. గీత ఎక్కడా విరగలేదు. బండి వెనక రోడ్డంతా పగిలిన మిరపకాయ టిక్కీలు, గోనెల్లోంచి చిందిన కాయలు. ఒక పక్కన ఎద్దుబండి నొగ విరిగి ఉంది.

"బండిని గుద్దాడమ్మా," అంది వాజిదా. "చక్రం ఊడలేదు. అడ్డం వచ్చిన ఎద్దుబండిని గుద్దాడు. ఎర్రగుడ్డ పట్టుకున్నవాడు ఆపలేదు. ఆ అడ్డరోడ్డు దగ్గర ఎవరున్నారు ఆ రోజు?"

సింధూర ముఖంలో నవ్వు పోయింది. "తాతయ్య," అంది. "పదిహేడేళ్ళప్పుడు. అన్నయ్యని ముందుగా చేరింది నేనే అని ఎప్పుడూ చెప్తారు."

దిలీప్ కెమెరా ఆపబోతే, "ఆపకు" అంది సింధూర. వాజిదా ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "ఇది పెడతావా అమ్మా నీ సినిమాలో?"

"తప్పకుండా పెడతా మామ్మగారూ. ఒట్టు."

అప్పుడు చెప్పింది వాజిదా, ఇంట్లో కొడుకు యూనస్‌కి కూడా చెప్పని సంగతి. ఊళ్ళో ఒక్కరూ బండి తేకపోతే జాన్‌బాషా నాగపూరు వెళ్ళి లారీ షెడ్డులో చేరాడు. నెలకో ఉత్తరం రాసేవాడు. వాజిదాకి అప్పుడు అక్షరం ముక్క రాదు. వెనక వీధి సూసన్ టీచరమ్మ చదివి పెట్టేది, జవాబూ ఆవిడే రాసేది. ఆరో ఉత్తరానికి యూనస్‌కి పళ్ళొచ్చాయనీ, కోడి పదకొండు పిల్లల్ని లేపిందనీ రాయించింది. ఆ తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. రెండేళ్ళకి నాగపూరు నుంచి వచ్చిన డ్రైవరొకడు, జాకీ జారి జాన్‌బాషా లారీ కింద పడి పోయాడనీ, దిమ్మ ఆనించుకోకుండానే దూరాడనీ చెప్పాడు.

పోయిన మొగుడి ఉత్తరాలు మళ్ళీ ఇంకొకరి నోట వినకూడదని వాజిదా చదువు నేర్చుకుంది. బస్సుల బోర్డులు చూసీ, బెల్లం కట్టిచ్చిన పేపర్లు చూసీ, యూనస్ ఒకటో తరగతి వాచకం చూసీ కూడబలుక్కుంది. మొదట కూడబలుక్కుని చదివింది ఆ ఆరు ఉత్తరాలే. ఆరోదాని చివర, సూసన్ టీచరమ్మ ఎప్పుడూ చదవని నాలుగు వాక్యాలున్నాయి. "అందరూ అంటుంటే నాకే అనుమానం వస్తోంది. ఆ రోజు నేను బిగించానా? గీత పెట్టింది నువ్వు, చూసింది నువ్వు. ఒక్క ముక్క రాయించు."

"టీచరమ్మని అడిగితే, నువ్వు ఏడుస్తావని చదవలేదే అంది. మంచిమనిషే. ఆయన అదడిగితే నేను కోడిపిల్లల సంగతి రాశా. చూశావా? ఆయన ఏమనుకుని ఉంటాడు?"

సింధూర కళ్ళు తుడుచుకుంది. దిలీప్ కూడా ముక్కు ఎగబీల్చాడు.

మూడు నెలలకి పిలుపు వచ్చింది. నందిగామలో ఒక ఫంక్షన్ హాల్లో, ఆదివారం పదకొండింటికి, డాక్యుమెంటరీ మొదటి ప్రదర్శన. తర్వాత భోజనాలు. "ఆ గుమ్మం నేను తొక్కను," అన్నాడు యూనస్. వాజిదా రంజానుకి కొన్న చీర కట్టుకుని, తబస్సుంని తీసుకుని జగ్గయ్యపేటలో బస్సెక్కింది. దారిలో అడ్డరోడ్డు ఎక్కడో కూడా తెలియలేదు. అక్కడ వంతెన కట్టేశారు.

హాలు నిండిపోయింది. ముందు వరసలో తిరుపతిరావు, తెల్లచొక్కా, పక్కన చేతికర్ర. లైట్లు తీశారు.

బాగా తీసింది పిల్ల. రోడ్డు, పొగ, పాత బళ్ళు. తర్వాత తెర మీదికి తిరుపతిరావు వచ్చి, "చక్రం ఊడిపోయింది. నేనే ముందు పరిగెత్తా. ఎవర్నీ తప్పు పట్టను. ఆ రోజుల్లో మెకానిక్కులకి అంతే తెలుసు," అని కళ్ళు ఒత్తుకున్నాడు. ఆ ఫోటో వచ్చింది. సగమే వచ్చింది. వంగిన హ్యాండిలు, పైన ఆకాశం. మిరపకాయ టిక్కీలు లేవు, నట్టు లేదు. ఆ తర్వాత వాజిదా. గోళ్ళరంగు సంగతి చెబుతూ నవ్విన ముక్క, వెనక వేణువు. నట్టుకు రంగెందుకు వేస్తారో చెప్పిన ముక్క లేదు. పెళ్ళికూతురి గోళ్ళకి రంగు పెట్టినట్టు బండికి పెట్టేదన్నట్టుగా ఉంది. హాలంతా ముచ్చటపడి చప్పట్లు కొట్టింది. కోడిపిల్లల సంగతి కూడా వచ్చింది. ఉత్తరం రాలేదు.

లైట్లు వెలిగాక సింధూర వచ్చి పక్కన కూర్చుంది. తల ఎత్తలేదు.

"మొదట కట్ చేసినప్పుడు అంతా పెట్టా మామ్మగారూ. నిజం."

"ఆ మొదటిది ఎవరెవరు చూశారమ్మా?"

"నేను, దిలీప్... తాతయ్య."

"ఆహా," అంది వాజిదా.

అంతలో మైకులో ఆమె పేరు పిలిచారు. సన్మానమట. తబస్సుం "వద్దు నానమ్మా, పోదాం పద" అని కొంగు లాగింది. వాజిదా లేచి వేదిక ఎక్కింది. తిరుపతిరావు శాలువా విప్పి భుజాల మీద కప్పుతూ వంగాడు. అప్పుడు అడిగింది, అతనికి మాత్రమే వినపడేలా.

"ఆ రోజు గుడ్డ పట్టుకుని మీరు నిలబడాల్సిన చోట నిలబడ్డారా బాబుగారూ?"

శాలువా మీద అతని చేతులు ఆగిపోయాయి.

"టీకి వెళ్ళా వాజిదమ్మా. రెండు నిమిషాలు."

"అయితే తెలుసన్నమాట."

"మా అమ్మ పోయేదాకా నేను కలిపి పెడితేనే తినేది. తెలిస్తే తినేదా?"

"మీ అమ్మగారు పోయి ఇరవై ఏళ్ళు దాటిందిగా. ఇప్పుడు చెప్పండి. మైకు ఇక్కడే ఉంది."

"ఇప్పుడు పిల్లలున్నారమ్మా," అన్నాడు తిరుపతిరావు. వెనక్కి తగ్గి, కెమెరాల వైపు తిరిగి నమస్కారం పెట్టాడు.

వాజిదా మైకు తనే అందుకుంది. ఇంత కోపం తనలో ఉందని ఆమెకి తెలియదు. ఇంటి దగ్గర అనుకుని వచ్చిన మాటలన్నీ ఎటో పోయాయి.

"బిగించాడు," అంది. "నేను చూశా. ఒళ్ళంతా వాల్చి బిగించాడు. నేనే గీత పెట్టా. గీత విరగలేదు. చక్రం ఊడలేదు. మా ఆయన తప్పు లేదు. విన్నారా?"

మైకులో పేర్లు పిలిచే అబ్బాయి దగ్గరికి వచ్చి, "చూశారా అండీ, ఇన్నేళ్ళయినా భర్త మీద ఎంత ప్రేమో, ఎంత నమ్మకమో!" అన్నాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తిరుపతిరావు కూడా కొట్టాడు.

కింద భోజనాల దగ్గర తబస్సుం ఏడుస్తూ ఫోనులో తండ్రితో మాట్లాడుతోంది. వాజిదా ప్లేటు పట్టలేదు. గోడవారగా నిలబడింది. ఎవరో ఇరవై ఏళ్ళ కుర్రాడు బిర్యానీ ప్లేటుతో వచ్చి, మర్యాదగా వంగాడు.

"మామ్మగారూ, భలే మాట్లాడారండీ. ఏడిపించేశారు. మరి చక్రం ఎందుకు ఊడిందంటారు?"

"ఊడలేదు నాయనా."

"అదేనండీ... సినిమాలో చెప్పారుగా, ఊడిందని."

వాజిదా అతని మొహం చూసింది. అందులో వెటకారం లేదు. చూసింది నమ్మాడు, అంతే. ఇవాళ మూడొందల మంది చూశారు. రేపు ఫోనుల్లోకి వస్తే ఎన్ని వేలమంది చూస్తారో. ఇంకో యాభై ఏళ్ళకి ఎవరైనా వెతికితే దొరికేది అదే.

"ఆ ప్లేటు అక్కడ పెట్టు," అంది.

"అండీ?"

"పెట్టు బాబూ, ఒక్క నిమిషం. మొదట్నించీ చెబుతా. అడ్డరోడ్డు దగ్గర ఎద్దుబండి వచ్చింది. మిరపకాయల బండి. ఆపాల్సినవాడు..."

కుర్రాడు ప్లేటు కుర్చీ మీద పెట్టి, చేతులు కట్టుకుని, బుద్ధిగా తలూపసాగాడు. రెండు మాటలకోసారి అతని కళ్ళు ఐస్‌క్రీమ్ బల్ల వైపు పోతున్నాయి. అక్కడ వరస పెరుగుతోంది. వాజిదా అది చూసింది. చూసి, చెప్పడం ఆపలేదు. అతను కదలకుండా మణికట్టు పట్టుకుంది.