రెక్క ముదిరింది

వ్యాపారం మొదలుపెట్టిన నాడు పిట్టల షావుకారు చేతిలో ఉన్నది బుట్టెడు కోడిపిల్లలు, కళ్ళు తెరవని ఒక చిలక పిల్ల. కోడిపిల్లలు గుడ్డు పగిలిన పూటే పరుగెత్తాయి, గింజలు ఏరుకున్నాయి. పెద్దవయ్యాక కూడా అదే పరుగు, అదే ఏరుడు. చిలక పిల్ల మాత్రం ఈకలైనా లేకుండా మాంసం ముద్దలా పడి ఉండి, నోట్లో పెడితేనే తినేది. చివరికి మాట్లాడింది అదే. దానితోనే కొట్టు నిలబడింది. తొందరగా తయారైన బుర్ర అంతటితో సరి, ఆలస్యంగా తయారయ్యేదే అసలు సరుకు అని షావుకారు లెక్క కట్టుకున్నాడు. ఎదిగిన చిలకను కొని, మాట నేర్పలేక వెనక్కి తెచ్చిన వాళ్ళకు ఒకటే జవాబు చెప్పేవాడు: "రెక్క ముదిరింది. ఇక మాట రాదు. చూసుకోవడానికి ఉంచుకోండి."

అందుకే రెండేళ్ళు దాటినా మనవడికి మాట రాకపోతే ఆయన మురిసిపోయాడు. పక్కింటి పిల్లాడు గడగడా మాట్లాడుతున్నాడని ఎవరో అంటే, కోడి జాతి అని కొట్టిపారేశాడు.

కోడలు మాత్రం ఊరుకోలేదు. వెనకనుంచి పిలిస్తే బాబు తిరగడం లేదని, చెవుల డాక్టరుకు చూపిద్దామని అడిగింది. షావుకారు వాణ్ణి కొట్టు మధ్యలో నిలబెట్టి, వెనక నుంచి గట్టిగా చప్పట్లు చరిచాడు. ఎదురుగా పంజరాల్లో పిట్టలన్నీ టపటపా రెక్కలు కొట్టుకున్నాయి. పిల్లాడు ఉలిక్కిపడి చుట్టూ చూశాడు.

"వినపడుతోందిగా. మీ పుట్టింటివాళ్ళవి కోడి బుర్రలమ్మాయ్, అందుకే నీకింత తొందర."

పనివాళ్ళు నవ్వారు. షావుకారు కొడుకు గింజల డబ్బాలోంచి తలెత్తలేదు. ఆమె అడిగినప్పుడల్లా అవే చప్పట్లు, అవే రెక్కలు. ఆయన మాట దాటి ఆ ఇంటి గడప దాటినవాళ్ళు లేరు.

ఇక ఆమె చేయగలిగింది పిలవడమే. తన గదిలో బాబుని ఒళ్ళో పెట్టుకుని పొద్దస్తమానం పిలిచేది. కొట్టులో చోటు చాలక షావుకారు ఒక చిలక పిల్ల పంజరాన్ని ఆ గదిలోనే వేలాడదీశాడు.

చివరికి ఏడో ఏట బడివాళ్ళు డాక్టరు కాగితం లేకుండా చేర్చుకునేది లేదన్నారు. డాక్టరు పిల్లాణ్ణి ఖాళీ గదిలో కూర్చోబెట్టి వెనకనుంచి గంట కొట్టాడు. ఆ గదిలో పిట్టలు లేవు. పిల్లాడు కదల్లేదు.

పుట్టుకతోనే చెవుడని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు చెవికి మిషను పెట్టినా చప్పుళ్ళు తెలుస్తాయి కానీ, చప్పుడును మాటగా పట్టుకునే వయసు మెదడుకు దాటిపోయిందన్నాడు. మనిషి బుర్ర నిదానంగా పెరిగేది నేర్చుకోవడానికే, అయితే ఆ నిదానానికీ గడువుంటుంది, ఆ గడువులో ఏదీ వినపడకపోతే ఆ చోటు వేరే పనులకు పోతుంది అన్నాడు.

బయటికొచ్చాక షావుకారు జీవితంలో మొదటిసారి తొందరపడ్డాడు. ఇంకో డాక్టరున్నాడేమో, రేపే బయల్దేరదామన్నాడు.

కోడలు గొంతు పెంచలేదు. "రెక్క ముదిరింది మామయ్యా. ఇక మాట రాదు. చూసుకోవడానికి ఉంచుకోండి."

ఇంటికి రాగానే పిల్లాడు పంజరం కింద కూర్చుని, రాలిన గింజలు ఏరడం మొదలుపెట్టాడు. పైనుంచి చిలక అచ్చం కోడలి గొంతుతో పిలిచింది.

"బంగారం, ఇటు చూడు. అమ్మని చూడు నాన్నా."

పిల్లాడు తలెత్తలేదు. కొట్టు పెట్టాక అంత చక్కగా మాట్లాడే చిలక షావుకారు చేతికి రావడం అదే మొదలు.