తల్లె చుట్టూ దస్కతులు

నామినేషన్ ఫారంలో నా పేరు, మొగుడి పేరు, వయసు, ఓటరు జాబితాలో వరుస సంఖ్య అన్నీ ఒక్క పూటలో రాసేశాను. ఒక్క గీత మాత్రం నాలుగు రోజులుగా ఖాళీగా ఉంది. ప్రతిపాదిస్తున్న ఓటరు పేరు, సంతకం. మా డివిజన్‌లో ఓటున్న ఒక్క మనిషి, నవనీతను నేను నిలబెడుతున్నానని అక్కడ సంతకం చేయాలి. వేల ఓట్లలో ఒక్కరంటే ఒక్కరు.

మొగుడు చేయొచ్చు కదా అంటారు. సదానందం ఓటు ఇంకా జైనూర్ పక్కన సొంతూరిలోనే ఉంది. ఇక్కడికి మార్పించుకో అని పదేళ్లుగా మొత్తుకుంటున్నాను. వింటేనా.

నిలబడాలని నాకేం కోరిక పుట్టలేదు. మా కాలనీవాళ్లే అన్నారు. నస్పూర్ చివర మా కాలనీకి మోరీలు, వీధి దీపాలు, బోరు మోటారు, అన్నీ నేను రాసిన దరఖాస్తులతోనే వచ్చాయి. చదివింది ఏడో తరగతి. తిప్పి పంపిన దరఖాస్తులు చూసుకుంటూ దరఖాస్తు రాయడం నేర్చుకున్నాను. కార్పొరేషన్ ఎన్నికలు అనగానే లక్ష్మీరాజం కాక, గనిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి, తన అరుగు మీద అందరి ముందూ అన్నాడు.

"వంశీధర్‌రావు మల్ల నిలవడుతుండట. గెలిచినంక ఐదేండ్లల్ల మన గల్లీ మొకం సూడలే. ఏ పార్టీ వద్దు, నువ్వే నిలవడు బిడ్డా. మేమంత నీ ఎనుకనే ఉంటం."

అందరూ తలలూపారు. వెనుక ఉంటాం అన్నప్పుడే నాకు అర్థం కావాల్సింది.

మా దరఖాస్తుల సంగతి చెప్పాలి. ఎనిమిదేళ్ల కింద ఇక్కడి కాంట్రాక్టు కూలీలకు మూడు నెలలు జీతాలు ఆగితే నేను కాగితం రాశాను. కొమురెల్లి అనే అతను అందరికంటే పైన సంతకం చేశాడు. కాంట్రాక్టరు ఆ కాగితం తెప్పించుకుని మొదటి పేరు చదివి, రేపటి నుంచి రావద్దన్నాడు. జీతాలు అందరికీ వచ్చాయి. కొమురెల్లి పని మాత్రం పోయింది.

అప్పటి నుంచి ఎవరి పేరూ ముందు ఉండకుండా ఒక ఉపాయం చేశాను. కాగితం మీద అన్నం తినే తల్లె బోర్లించి పెన్సిల్‌తో చుట్టూ గీస్తాను. లోపల దరఖాస్తు రాస్తాను. ఆ గుండ్రం వెంట అందరూ సంతకాలు, మా మాటలో దస్కతులు, చేస్తారు. మొదటి పేరు లేదు, చివరి పేరు లేదు. ఈ ఎనిమిదేళ్లలో ఒక్కరికీ పని పోలేదు. ఆ ఉపాయం నాదేనని గర్వంగా కూడా ఉండేది.

ఫారం పట్టుకుని మొదట కాక దగ్గరికే పోయాను. కొడుకు కొత్తగా ఔట్‌సోర్సింగ్ ఉద్యోగంలో చేరాడట, సిఫారసు వంశీధర్‌రావుదేనట, ఇంకెవరినైనా చూడమన్నాడు. పక్కింటి బాలవ్వ ఇంటి పట్టా కాగితం ఇంకా చేతికి రాలేదు, వచ్చాక చేస్తానంది. ఇంకో ఇంట్లో టీ పోశారు, బిస్కెట్లు పెట్టారు, కోడలి కాన్పు గురించి గంటసేపు మాట్లాడారు. సంతకం మాట ఎత్తగానే కళ్లద్దాలు దొరకలేదు. నాలుగు రోజులు ఇదే. ఓటు వేస్తాం, ఇంటింటికీ తిరుగుతాం, జెండా కడతాం అని ప్రతి ఒక్కరూ చెప్పారు. స్వతంత్ర అభ్యర్థికి జెండా ఎక్కడిది?

నాలుగో రోజు సాయంత్రం విసుగొచ్చి ఫారం కాక అరుగు మీద పెట్టేసి, మీలో మీరే తేల్చుకొమ్మని ఇంటికి వచ్చేశాను. చివరి రోజు పొద్దున వెళ్తే కాక నవ్వుకుంటూ ఎదురొచ్చాడు.

"అయిపోయింది బిడ్డా. ఒక్కలు గాదు, నలభై ముగ్గురం పెట్టినం."

ఫారం మొదటి పేజీ మీద తల్లె బోర్లించి గీసి ఉంది. నా పేరు మీదుగా, వయసు మీదుగా, గుండ్రంగా నలభై మూడు సంతకాలు. బాలవ్వ వేలిముద్ర కూడా ఉంది. నలభై ముగ్గురూ మనసు పెట్టి చేశారు. ఖాళీ గీత అలాగే ఖాళీగా ఉంది.

ఎవరిని తిట్టాలి? నేర్పింది నేనే.

ఆఫీసుకు పరుగెత్తి కొత్త ఫారం తీసుకున్నాను. పాతది చూసి గుమాస్తా నవ్వాడు. మూడు గంటల్లోపు తేవాలని, ఒక్క పేరు చాలని చెప్పాడు. ఆ ఒక్కటే లేదని ఆయనకేం తెలుసు.

ఇక మిగిలింది కొమురెల్లి. అతనికీ మా డివిజన్‌లోనే ఓటు. శ్రీరాంపూర్ పోయే రోడ్డు మీద పంక్చర్ షాపు నడుపుకుంటున్నాడు. ఆ షెడ్డు వంశీధర్‌రావుది. అది తెలిసే పోయాను. సిగ్గు వదిలి ఫారం ముందు పెట్టాను. అతను బండి ట్యూబు నీళ్ల తొట్టిలో వదిలేసి చేతులు తుడుచుకున్నాడు. గీత ఎక్కడుందో చూశాడు.

"ఒక్కటి అడుగుత చెల్లె. ఆనాడు గా కాయితం రాసింది నువ్వే గద. అండ్ల నీ పేరెందుకు లేకుండె?"

నా మొగుడు సదానందం అప్పుడు ఆ కాంట్రాక్టరు దగ్గరే చేస్తుండేవాడు. రాసినవాళ్లు సంతకం చేయకూడదని అప్పుడు అందరికీ నేనే చెప్పాను. అలాంటి రూలు ఎక్కడా లేదు. తల్లె చుట్టూ సంతకాలు చేసిన కాగితాల్లో కూడా ఒక్కదానిలోనూ నా పేరు లేదు.

అతను గుచ్చడానికి అడగలేదు, నిజంగానే అడిగాడు. ఫారం మళ్లీ ఒకసారి చూసి జేబులోంచి పెన్ను తీశాడు.

"సరే, ఇటియ్యి. పెడత."

"షెడ్డు ఆయనది గదనే అన్నా."

"నాకెరుకలేదా? అడగొచ్చి మల్ల నువ్వే అడ్డం పడ్తవేంది?"

పెన్ను ఆనించబోతుంటే ఫారం లాక్కున్నాను. ఎనిమిదేళ్ల కింద ఇతన్ని ముందు పెట్టి నేను వెనుక దాక్కున్నాను. ఇప్పుడు మళ్లీ ఇతన్నే ముందు పెట్టి నేను కార్పొరేటర్ కావాలా? ఆ కుర్చీలో కూర్చుని ఎవరికి మొహం చూపించాలి?

"మరెందుకొచ్చినట్టు?" అని కోపంగా ట్యూబు వైపు తిరిగాడు. కోపం రావాల్సిందే.

రెండు దాటింది. ఆఫీసు ముందు నుంచే ఆటోలో వచ్చాను, దిగలేదు.

అరుగు మీద అందరూ ఎదురు చూస్తున్నారు. నామినేషన్ వేయలేదన్నాను. కాక నాలుక చప్పరించాడు.

"గిట్ల జేస్తివేంది బిడ్డా. మేమంత నీ ఎనుకనే ఉంటిమి గద."

ఒళ్లు మండింది. బోరు మోటారు కాలిపోయి తొమ్మిది రోజులైంది, కాగితం తెండి అన్నాను. తెచ్చారు, దాంతోపాటు తల్లె కూడా. నాలుగు వరుసల్లో దరఖాస్తు రాశాను. కింద ఒకటి అని అంకె వేసి నా పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు రాసి సంతకం చేశాను. దాని కింద రెండు అని వేసి, పెన్ను దాని మీద పెట్టాను.

"తల్లె మరిచినవ్ బిడ్డా," అన్నాడు కాక.

మరవలేదన్నాను. బాలవ్వ పొయ్యి మీద ఏదో పెట్టానని లేచిపోయింది. ఒకతను ఫోన్ తీసి చూసుకున్నాడు.

"రేపు జేద్దాం తియ్, ఇయ్యాల ఆల్శమాయె," అన్నాడు కాక.

"నీళ్లు రేపటి దాక ఆగుతయా కాకా? కూసుంట. ఎవలన్న రాండ్రి."

తల్లెను కాక ఇంట్లోకే తిరిగి పంపించేసి, కాగితం పక్కన అరుగు మీద కూర్చున్నాను.