ఫాస్ట్ రంగులు

కోడలు నడిపే అద్దకం దుకాణంలో మధ్యాహ్నాలు గల్లా దగ్గర కూర్చోవడం అత్తగారి పని. పొద్దుపోక ఆవిడ పెద్దవాళ్ళ ఇంగ్లీషు క్లాసులో చేరి నాలుగు ముక్కలు పట్టుకుంది. నేర్చుకున్న మాట ఎక్కడో ఒకచోట వాడందే ఆవిడకు తిన్నది అరగదు.

ఒకరోజు కోడలు కొత్తగా అద్దిన కర్టెన్ గుడ్డల పక్కన ఓ అట్టముక్క మీద ఇంగ్లీషులో ‘ఫాస్ట్ కలర్స్’ అని రాసి పెట్టింది. అత్తగారు కూడబలుక్కుని చదివింది. ఎఫ్, ఏ, ఎస్, టీ. ఫాస్ట్ అంటే తొందరగా. అంటే, తొందరగా పోయే రంగులన్నమాట! అయినా ఉన్న సంగతి దాచకుండా రాసిపెట్టిన కోడలి నిజాయితీకి మురిసిపోయి, తనూ ఓ చెయ్యి వేద్దామనుకుంది.

“ఇది వద్దమ్మా, రెండు ఉతుకులకే వెలిసిపోతుంది” అని వచ్చినవాళ్ళందరికీ గుట్టుగా చెప్పి పంపించసాగింది.

వారం తిరిగినా గుడ్డలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కోడలు తల పట్టుకుని కూర్చున్న వేళ, కర్టెన్లు కుట్టే టైలరు వచ్చాడు.

“మీలాంటి దుకాణం ఎక్కడా చూళ్ళేదండీ! ఈ రంగు నిలవదని మీ అత్తగారు మొహమ్మీదే చెప్పేశారు. ఆ నమ్మకంతోనే మళ్ళీ వచ్చా. రంగు పోని గుడ్డేదో మీరే చూపించండి.”

కోడలు తెల్లబోయింది. అత్తగారు గర్వంగా అట్టముక్క చూపించింది.

“అయ్యో అత్తయ్యా! ఇక్కడ ఫాస్ట్ అంటే గట్టిగా పట్టుకుని వదలనిదని!”

“ఏమిటీ? పరిగెత్తేదానికీ అదే మాట, కదలనిదానికీ అదే మాటా? కనీసం స్పెల్లింగన్నా మార్చుకోవద్దూ?”

“స్పెల్లింగూ అదే.”

అత్తగారు గుడ్డ కొస కత్తిరించి, బకెట్లో ముంచి, సబ్బు పట్టించి, ఆ మాట మీద ఉన్న కోపమంతా దాని మీద తీర్చుకుంది. నీళ్ళలోకి చుక్క రంగు దిగలేదు. టైలరు రెండు తానులు భుజాన వేసుకుని వెళ్ళాడు.

కోడలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. “ఇంకో అర్థం కూడా ఉందత్తయ్యా. ఫాస్టింగ్ అంటే ఏమీ తినకుండా ఉండటం.”

అత్తగారి మొహం వాడిపోయింది. “అయితే... మొన్న రక్తపరీక్షకి ఫాస్టింగ్‌లో రమ్మన్నారే...”

“వెళ్ళారుగా?”

“వెళ్ళాను. కడుపునిండా టిఫిను తిని, దారిలో ఎక్కడా ఆగకుండా పరుగులాంటి నడకతో వెళ్ళాను!”

ఆ రిపోర్టు చూసే కొడుకు హడలిపోయి, ఇంట్లో ఉన్న తీపంతా అటకెక్కించాడు. మర్నాడు కోడలే దగ్గరుండి అత్తగారిని పరగడుపున తీసుకెళ్ళి మళ్ళీ రక్తం ఇప్పించింది.

“పదండి, బ్రేక్‌ఫాస్ట్ చేద్దాం” అంది బయటికి రాగానే.

అత్తగారు మెట్ల మీదే ఆగిపోయింది. “బ్రేక్... ఫాస్ట్. ఓసినీ! పరగడుపుని విరగ్గొట్టడమా! ఇన్నాళ్ళూ గబగబా తినేదనుకున్నానే!”

ఆ పూట మాత్రం ఆవిడ ఏ తొందరా లేకుండా, రెండుసార్లు కాఫీ తెప్పించుకుని మరీ, తీరిగ్గా తింది.