మొండయ్య జెర్బెరాలు

రాత్రి వానకి మట్టి చింది జెర్బెరా మొక్కల మొదళ్ళ మీద పడింది. చక్రాలక్క కిటికీ కింద తన బండరాయి మీద కూర్చుని, పాత చెంచాతో ఆ మట్టిని గీరి తీసేస్తోంది. ఈ మొక్కకి ఆకులు పుట్టే చోటు నేలకి పైనే ఉండాలి. పూడిందా, కుళ్ళి చస్తుంది. మొదటి ఏడు ఆ సంగతి తెలియక, గట్టిగా నిలబడతాయి కదా అని లోతుగా పాతింది. వారం తిరక్కుండా అన్నీ బురదలో కలిసిపోయాయి. ఆమె ఏడుస్తుంటే మొగుడు నవ్వాడు.

"మెడదాకా పూడ్చిపెడితే ఊపిరెలా ఆడుతుందే, పిచ్చిదానా?"

ఊపిరి సంగతి ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది! నూలు మిల్లులో దూది ధూళి మింగీ మింగీ ఊపిరితిత్తులు గుల్లయిపోయాయి. ఇప్పుడు మంచం దిగలేడు. మంచం కిటికీని ఆనుకునే ఉన్నా, పడుకున్నవాడికి ఆకాశం తప్ప నేల కనపడదు. అందుకని తన పాత స్కూటర్ అద్దాన్ని ఊచకి తీగతో కట్టించుకున్నాడు, పెరటివైపు వంచి.

"ఏమే, మూలనున్న మొగ్గ విచ్చిందా?" లోపల్నించి అడిగాడు.

"అద్దం పెట్టుకుని నన్నడుగుతావేం? సరిగ్గా తిప్పనా?"

"దాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను. అలాగే ఉండనీ."

మొండయ్య అనే పేరు మిల్లులో ఊరికే పెట్టలేదు. దగ్గు మొదలైన కొత్తల్లో యజమాని గేటు దగ్గరే ఆపేసి, "దగ్గేవాడికి మిల్లెందుకు? ఇంటికెళ్ళి చావు" అన్నాడు. "చస్తాను. కానీ నీ తరవాతే" అన్నాడు ఈయన, అందరూ వింటుండగా. వానలు దాటడం కష్టమని డాక్టరు చెప్పి ఎన్ని వానాకాలాలు పోయాయో! మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఆ మాట పుట్టించినవాడు ఈయన్ని చూసే పుట్టించి ఉండాలి.

ఆమెది పెద్దాసుపత్రి పక్కన పూలకొట్లో పని. శవాల మీద పెట్టే పూలచక్రాలు కడుతుంది. తీగ చుట్టీ చుట్టీ వేళ్ళన్నీ కాయలు కాశాయి. చక్రాలక్క అన్న పేరు అలా వచ్చిందే. ఆ చక్రాల్లో ఎక్కువ పడేది జెర్బెరాలే కాబట్టి, "చావుపువ్వుల్ని ఎవరైనా ఇంట్లో పెంచుతారా?" అని పక్కింటావిడ మూతి విరిచేది. "పువ్వుకేం తెలుసు పాపం? శవం మీద పడేసేది మనం" అని ఈమె నోరు మూయించేది. తన పెరట్లోవి ఒక్కటి కూడా కొట్టుకి తీసుకెళ్ళలేదు. శవాలకి చేతులిచ్చింది, అది చాలు. ఈ పువ్వులు మాత్రం ఊపిరితో ఉన్న తన మనిషివి.

కొట్లో అడుగుపెట్టి కత్తెర అందుకోగానే కొట్టాయన ఎదురొచ్చాడు. చెడ్డవాడు కాదు గానీ, కంగారు పుడితే మనిషి కాడు.

"అక్కా, మిల్లు యజమాని పోయాడు, తెల్లారగట్ల. పెద్ద చక్రం కావాలన్నారు. నడుమంతా ఎర్ర జెర్బెరాలే ఉండాలట. చూస్తే పూల వ్యాను వాగు దగ్గర ఆగిపోయింది. మీ పెరట్లో విరగబూశాయి కదా, గబగబా కోసుకురా."

ఆమె చేతిలో కత్తెర ఆగిపోయింది. పోయాడా! నవ్వొచ్చింది. నాలిక కరుచుకుంది.

"కొయ్యను."

"అదేంటక్కా! పోయినవాళ్ళ మీద పగేంటి?"

"పోయినాయన మీద పగేం లేదు. మా ఇంట్లో ఉన్నాయన వాటిని ఇంకా చూస్తున్నాడు."

"వాళ్ళతో మాట పడలేను నేను. కొయ్యనంటే రేపట్నించి పనిలోకి రాకు."

"ఎల్లుండి కూడా రానులే."

అన్నది గానీ, చేతికొచ్చిన పని వదిలెయ్యడం ఆమె ఒంట్లోనే లేదు. తెల్ల చామంతులతో చక్రం నిండుగా కట్టింది. నడుమ ఆకులు పరిచింది. ఎర్రవి ఏవని అడగడానికి పోయినాయనేం లేచిరాడు కదా! కొట్టు ముంగిట చక్రాన్ని నిలబెట్టి, కొంగు దులుపుకుని బయటికొచ్చేసింది.

సగం దారి గాల్లో తేలినట్టే నడిచింది. గెలిచాడు తన మొగుడు. అంత పెద్ద మేడవాడి మీద, ఊపిరందని మనిషి గెలిచాడు. తమ వీధి మలుపు తిరిగేసరికి గుండె గుభేలుమంది. ఇన్నాళ్ళూ ఆ పంతమే కదా ఆయన్ని నిలబెట్టింది. ఇక దేనికోసం ఉంటాడు? చెప్పను గాక చెప్పను అనుకుంది.

ఆయన దిళ్ళకానుకుని కాచుక్కూర్చున్నాడు.

"మిల్లు సైరన్ వేళ కాని వేళ మోగింది. పోయాడా?"

"ఎవరు? ఏదో మరమ్మతు చేస్తున్నారట."

"అబద్ధమాడే ముందు ముక్కు రుద్దుకుంటావే నువ్వు. పెళ్ళైనప్పట్నించీ ఇంతే."

నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమైంది. అయినా పిడికిలెత్తి గాల్లో ఊపాడు. ఆమెకి దుఃఖం తన్నుకొచ్చింది.

"గెలిచావులే! ఇక పోవచ్చనుకుంటున్నావేమో? వాడి కోసం ఇన్నేళ్ళున్నావు. నా కోసం నాలుగు రోజులుండలేవూ?"

ఆయన ఆమె కాయలు కాసిన వేళ్ళని చాలాసేపు నిమిరాడు.

"ఉంటాలేవే. ముందు మొక్కల్ని చూడు. మధ్యాహ్నం మళ్ళీ వాన కొట్టింది."

పొద్దు వాలుతుంటే చెంచా పట్టుకుని బండరాయి మీద కూర్చుంది. మట్టి గీరుతూనే కొట్లో జరిగిందంతా చెప్పింది. ఎల్లుండి కూడా రానులే అన్నానని చెప్పినప్పుడు లోపల్నించి చిన్న నవ్వు వినిపించింది.

"మూలది రంగు తేలింది. రేపటికి విచ్చుతుంది" అంది.

జవాబు రాలేదు. కునుకు పట్టిందేమోనని మరో రెండు మొక్కలు పూర్తి చేసింది. లోపలికెళ్ళి చూస్తే ఆయన తల అద్దంవైపే తిరిగి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఊపిరి మాత్రం లేదు.

మర్నాడు కొట్టాయన తలొంచుకుని ఒక చక్రం పట్టుకొచ్చాడు, నిండా ఎర్ర జెర్బెరాలతో. ఆమె గుమ్మంలోనే ఆపేసింది.

"మనసున పెట్టుకోకు తమ్ముడూ. ఈ ఇంటికి చక్రం వద్దు. నువ్వు మాత్రం లోపలికి రా."

మూలనున్న మొగ్గ విచ్చింది. పక్కింటావిడ కళ్ళు తుడుచుకుంటూ దాన్ని ఆయన గుండె మీద పెడదామని వంగితే, చెయ్యి పట్టుకుని ఆపింది.

"కొయ్యకు. ఆయన పువ్వులు శవాల మీద పెట్టేవి కావు."

అంతా అయిపోయి జనం వెళ్ళాక, ఖాళీ మంచం మీద ఆయన తల పెట్టిన చోటే తల పెట్టి పడుకుంది. ఇన్నేళ్ళు ఆయన చూసిన పువ్వుల్ని ఒక్కసారి ఆయన చూసినట్టు చూడాలనిపించింది. చూస్తే అద్దంలో పువ్వులు లేవు. అంచున ఒకటో రెండో ఎర్ర రేకులు, అంతే. పొద్దున్నే మొగ్గ విచ్చిందా అని ఎందుకడిగేవాడో, అద్దం ఎందుకు ముట్టుకోనిచ్చేవాడు కాదో ఇప్పటికి తెలిసింది. "ఓరి మొండి మొగుడా!" అని వెక్కివెక్కి ఏడ్చింది.

ఊచకి కట్టిన స్కూటర్ అద్దం నిండా ఆమె రోజూ కూర్చునే బండరాయి, దాని మీద మట్టి ఆరిన చెంచా.