మూలమీది గిర్నీ

బోధన్ రోడ్డు మీద ఆ పెద్ద మార్టు తెరిచినప్పటి నుంచి బాన్సువాడలో సబ్బు అగ్గువైంది, చక్కెర అగ్గువైంది, ప్లాస్టిక్ బకెట్లయితే ఒకటి కొంటే ఇంకొకటి ఊరికే వచ్చింది. అగ్గువ కానిది ఒక్కటే, దాని చుట్టూ ఉన్న భూమి. గజం ఆరు వేలకు అడిగే దిక్కులేని చోట రెండేళ్ళు తిరగకముందే ముప్పై వేలన్నారు.

మార్టు గోడను ఆనుకొని వరుసగా నాలుగు జాగలున్నాయి. మూడు ముత్తెన్నవి. నాలుగోది, రోడ్డు మూల మీదిది, ఆయన చనిపోయిన తమ్ముడిది. పంపకాల్లో తమ్ముడి వాటాకు వచ్చింది, ఇప్పుడు అతని భార్య పోసవ్వ పేరు మీద ఉంది. అందులో ఒక రేకుల షెడ్డు, షెడ్డులో పిండి గిర్నీ, దాని పక్కన కారం పట్టే మిషను, వెనక ఒక గది. పోసవ్వ ఉండేదీ బతికేదీ అక్కడే.

మార్టులోకి సంచుల్లో కట్టిన పిండి వచ్చాక గోధుమలు పట్టించుకునేవాళ్ళు తగ్గారు. జొన్నలు అంతగా తగ్గలేదు. కారం అసలే తగ్గలేదు. ఎండాకాలం వచ్చిందంటే తండాల నుంచి, కోటగిరి దిక్కు పల్లెల నుంచి మిరపకాయల సంచులు ఆటోల్లో వచ్చి దిగుతాయి. తండా దేవ్లి అయితే తన సంచీ పక్కనే కూర్చుని, ఆఖరి పిడికెడు పడేదాకా కదలదు. కొన్న కారంలో ఏం కలిపారో దేవుడికే తెలియాలి, కళ్ళముందు పట్టించుకున్నదే కారం అంటుంది.

ముత్తెన్న వాళ్ళ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తమ్ముడి భార్య బావ ముందు కూర్చోదు. కొంగు కప్పుకుంటుంది. ఆయనతో సూటిగా మాట్లాడదు. ఏదైనా చెప్పాల్సి వస్తే మధ్యలో ఎవరో ఒకరుండాలి. ముప్పై ఒక్కేళ్ళుగా పోసవ్వ ఆ పద్ధతి తప్పలేదు.

మొన్న సోమవారం ముత్తెన్న గిర్నీ ముందుకు వచ్చి, రోడ్డు వైపు చూస్తూ, అక్కడే ఉన్న దేవ్లితో అన్నాడు.

"మా మరదలికి చెప్పు. మార్టు పెద్దగ చేస్తరట. నాలుగు జాగలు కలిపి అడుగుతున్నరు. మంచి రేటున్నది, ఇద్దామనుకుంటున్న."

పోసవ్వ కొంగు నిండుగా లాక్కుంది. ఏమని జవాబు పంపాలా అని ఆలోచించేలోపే ఆయన చెప్పులు వీధిలో చప్పుడు చేశాయి. ఇంటి కోడలు ఊరుకుందంటే ఒప్పుకున్నట్టే, ఆయన ఎరిగిన లెక్క అది. ఆ సాయంత్రమే నాలుగు జాగలకూ కలిపి బయానా, అంటే అడ్వాన్సు, తీసుకున్నాడు.

గురువారం ప్లాట్ల బేరాలు చేసే వినోద్‌కుమార్ టేపు పట్టుకొని దిగాడు. వెనక ముత్తెన్న. లోపల దేవ్లి మిరపకాయలు మిషన్లో ఉన్నాయి.

"అవ్వా, మిషన్ జర బంద్ చెయ్యి. కొలతలు తీస్కొని పోతం."

"సగంల బంద్ చేస్తే మిరపకాయ ఇరుక్కుంటది బిడ్డా. ఏం కొలుస్తవో రా లోపటికి."

వినోద్‌కుమార్ రెండడుగులు వేశాడు. మూడో అడుగుకు తుమ్మాడు. నాలుగో అడుగు వేయలేక చొక్కాతో ముక్కు మూసుకొని బయటికి ఉరికాడు.

"తండాల పుట్టి మిరపకాయకు తుమ్ముతవేందిరా?" దేవ్లి పగలబడి నవ్వింది. "మీ అవ్వకు చెప్తా, ఇగ నీకు పాలల్ల రొట్టె పిసికి పెట్టుమని!"

"నువ్వూకో చిన్నమ్మా," అన్నాడతను కళ్ళు తుడుచుకుంటూ. "ముత్తెన్న బయానా తీస్కున్నడు. నాలుగు జాగలకు. మా పని మేం చేస్కుంటున్నం."

పోసవ్వ చేయి ఆగలేదు. ఆఖరి పిడికెడు కూడా పట్టి, మిషను ఆపి, అప్పుడు వాకిట్లోకి వచ్చింది. కొంగు కప్పుకునే వచ్చింది.

"దేవ్లీ, అడుగు. నాలుగో జాగకు ఎవరినడిగి బయానా తీస్కున్నడు?"

ముత్తెన్న కూడా దేవ్లినే చూశాడు. "చెప్పు దేవ్లీ. నీ ముందటనే అడిగిన గద. ఊకున్నది. ఊకున్నదంటే ఏంది?"

"ఇద్దరి నడుమ నేనేంది, ఫోన్ తీగనా?" దేవ్లి విసుక్కుంది. "ఎదురెదురుంగ నిలబడ్డరు. మాట్లాడుకోండ్రి!"

పోసవ్వ తల మీది కొంగు తీసి, దాంతోనే మొహం మీది కారం తుడుచుకొని, నడుముకు దోపుకుంది. తూకం పక్కన ఉన్న కుర్చీ లాగి కూర్చుంది.

"బావా," అంది.

ముత్తెన్న తనను కాదన్నట్టు వెనక్కి తిరిగి చూశాడు.

"నిన్నే బావా. నేను ఊకున్నది నీకు ఇజ్జత్ ఇచ్చి. జాగ ఇచ్చి కాదు."

ఆయన మొహం ఎర్రబడింది. "నీ మంచికే చేసిన పోసవ్వా. ముప్పై లచ్చలకు పైన్నే వస్తయి. కాలు మీద కాలేసుకొని తినొచ్చు."

"ఏడ కూసోని తినాలె? నిరుడు మన రోడ్డుమీది లచ్చి తన జాగ అమ్మలేదా? ఇప్పుడు బిచ్కుంద రోడ్డుకు కిరాయి రూంల ఉంటున్నది. పైసలు మూట కట్టుకొని ఊరంత తిరిగింది, జానెడు జాగ దొరికిందా? తను అమ్మిన రేటే తనకు అడ్డం నిలబడె. రేటు పెరిగిందంటే అమ్మి పోయేటోళ్ళకు పెరిగినట్టు బావా. ఉండేటోళ్ళకు ఇంటిపన్ను పెరిగింది, గంతే."

"మరి నా సంగతేంది? ఒప్పందం తప్పితే బయానా రెండింతలు కట్టాలె నేను. నా పిల్లల నోట్ల మన్ను కొడ్తవా?"

ఆ మాట పోసవ్వకు తగిలింది. ముత్తెన్న చెడ్డవాడు కాదు. తమ్ముడు చనిపోయిన ఏడాది కాలిపోయిన గిర్నీ మోటారును తన ఖర్చుతో మళ్ళీ తీగ చుట్టించి ఇచ్చింది ఆయనే. ఆమె గొంతు కాస్త తగ్గింది.

"నీ మూడు జాగలు నువ్వు అమ్ముకో. నేను అడ్డం రాను."

"మూల లేకుంటే రేటు సగమే," అన్నాడు వినోద్‌కుమార్ దూరం నుంచే. "గా మూలమీద నుంచే లారీలు లోపటికి రావాలె."

పోసవ్వ అతని వైపు తిరిగింది, మళ్ళీ బావ వైపు తిరిగింది. తగ్గిన గొంతు లేచింది.

"ఇన్నవా బావా? గా రేటు నీ జాగలది కాదు. నా మూలది. నా మూలను చూపెట్టి నీ మూడు అమ్ముతున్నవు. మీదికెల్లి నేనే అన్యాయం చేస్తున్ననంటవా?"

ముత్తెన్నకు పెద్దరికం గుర్తొచ్చింది. "ఇయ్యాల్టి నుంచి మా గడప తొక్కకు. నీ మంచికి చెడ్డకు మేం రాం."

ముప్పై ఒక్కేళ్ళ బంధుత్వం. పెళ్ళి అన్నా చావు అన్నా ఆ గడపే. పోసవ్వ నడుముకు దోపిన కొంగు ఇంకాస్త బిగించింది.

"రాకుండ్రి. కానీ మీ ఇంట్ల అక్కను మాత్రం కారానికి పంపు. గా మార్టు కారం తింటే ఆమెకు కడుపుల మంట."

"మార్టోళ్ళు కంప్లైంట్ ఇస్తరు అవ్వా," వినోద్‌కుమార్ ఆఖరి బాణం వేశాడు. "దుమ్మని, చప్పుడని."

"ఇయ్యమను. మార్టుకు పునాది తియ్యకముందే నా గిర్నీకి లైసెన్స్ ఉన్నది. నాకు తుమ్ములొస్తలేవు, ఆళ్ళకొస్తె తలుపులేసుకొమ్మను."

దేవ్లి కిసుక్కుమంది. ముత్తెన్న గిర్రున తిరిగి నడిచాడు. వినోద్‌కుమార్ టేపు చుట్టుకుంటూ ఆయన వెనక కదిలాడు.

"ఆగు బిడ్డా, ఒక్క మాట," పోసవ్వ కుర్చీలోంచి లేవకుండానే పిలిచింది. "మా బావ జాగలు సగం రేటుకు కొంటవో, పావు రేటుకు కొంటవో నాకు తెల్వది. ఎంతకు కొన్నా రిజిస్ట్రీ కాయితం మీద నాలుగు హద్దులు రాయాలె గద. తూర్పు దిక్కు పోసవ్వ గిర్నీ అని రాయిచ్చు."

అతను టేపు జేబులో కుక్కుకొని రోడ్డెక్కాడు. పోసవ్వ లేచి, దేవ్లి కారాన్ని సంచీలోకి ఎత్తి మూతి కట్టింది.

"తర్వాత ఎవరిదే?" అని వరుసలో ఉన్న సంచుల వైపు కేకేసింది.