సొరంగం అవతలి ఆదివారం

శనివారం మధ్యాహ్నం, మర్నాడు చర్చిలో ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల గ్లాసులు కడుగుతున్నాను. వేలెడంత గ్లాసులు. కిరండూల్‌లో ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము దేన్నీ వదలదు, గుడ్డ దోపి అడుగుదాకా తుడవాలి. ఈ రైల్వే కాలనీకి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ మా తెలుగు చర్చిలో ఈ పని నాదే. ప్రార్థన కూటాలకొచ్చిన పాస్టర్లకి వండిపెట్టేదీ, చాపలు దులిపేదీ ఆడవాళ్ళమే. నోరు తెరిచేది మాత్రం పాట పాడటానికే. మామయ్య భూషణం గారు సంఘపెద్ద. "ఆడోళ్ళు సంఘంలో మాటాడకూడదమ్మా. నేను పెట్టిన రూలు కాదు, బైబిలు వాక్యం" అంటారు, నేనిచ్చిన టీ తాగుతూ.

మా ఆయన సునీల్‌కుమార్ ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "ఏటే ఇది? రాసింది నువ్వేనా?"

నేనే. ఆయన ఇంజను డ్యూటీకి వెళ్ళాక, కుక్కరు కూత వేసేలోపు, ఓ కథల యాప్‌లో వారం వారం రాస్తున్న నవల. అందులో రత్నమాల అనే రైల్వే గార్డు భార్య విశాఖ ప్యాసింజరు ఎక్కుతుంది. బండి ఓ సొరంగంలో దూరి రెండు వేల ఏళ్ళ వెనక, యెరూషలేము పక్కన బయటికొస్తుంది. ఖాళీ సమాధి చూసిన ఆడవాళ్ళు పరుగెత్తుకొస్తున్నారు. చనిపోయిన ప్రభువు తిరిగి లేచాడని మొదట చెప్పింది వాళ్ళే. శిష్యులు నమ్మలేదు, పిచ్చివాగుడనుకున్నారు. సండేస్కూల్లో అది విన్ననాటి నుంచీ నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. నా నవలలో రత్నమాల శిష్యులున్న గది తలుపుకి అడ్డంగా నిలబడి, వాళ్ళు చెప్పేది పూర్తిగా వినేదాకా ఒక్క మగాణ్ణీ కదలనివ్వదు. వింటారు. నమ్ముతారు. అక్కణ్ణుంచి చరిత్రే మారిపోతుంది. రత్నమాల తిరిగొచ్చేసరికి మా చర్చిలో వాక్యం చెబుతున్నది ఓ ముసలావిడ. గ్లాసులు కడుగుతున్నది ఆవిడ మొగుడు.

"గ్లాసులు కడిగే ఆ ముసలోడు మా నాన్నేనని కాలనీ అంతా నవ్వుతున్నారు. కూర మాడకండా వండలేవు గానీ దేవుడి చరిత్ర మారుస్తావా?"

వెనకే వచ్చిన మామయ్య కేకలు వెయ్యలేదు. "రేపు మైకు దగ్గర నిలబడి క్షమాపణ అడుగమ్మా. ఆ రాత తీసీ. నేకపోతే మీ నాన్నని రమ్మని, నిన్ను పుట్టింటికి అంపించీస్తాం."

వాళ్ళిద్దరూ వెళ్ళాక అత్తయ్య చిన్నమ్మి నా పక్కన కూచుని వెల్లుల్లి ఒలవసాగింది. "ఒప్పీసుకో శాంతిప్రియా. పెళ్ళైన కొత్తల్లో నాను ఓపాలి సంఘంలో గట్టిగా ప్రార్థన సేసినాను. మీ మావ అందరి ముందరా సెంప మీద కొట్టినాడు. తప్పయిపోయిందని నానే సెప్పినాను." కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఆదివారం మామయ్య మైకు నా ఎత్తుకి దించారు. మా చర్చిలో అది ఓ ఆడదాని నోటిముందుకి రావడం అదే మొదలు. తప్పు ఒప్పుకోవడానికైతే ఏ వాక్యమూ అడ్డు రాలేదు! నేను ఫోను తీశాను. క్షమాపణ రాసుకొచ్చాననుకుని మా ఆయన సరేనన్నట్టు తలూపాడు. రత్నమాల తలుపు దగ్గర నిలబడ్డ అధ్యాయం చదవడం మొదలుపెట్టాను.

నాలుగు వాక్యాలయ్యేసరికి మామయ్య వైరు లాగేశారు. మైకు చచ్చింది. "దిగవే కిందకి!" అని మా ఆయన అరిచాడు. కుర్చీలు కదిలాయి, మగవాళ్ళు కొందరు బయటికి నడిచారు. సాయంత్రానికి ఇంట్లో నాకేం జరగబోతోందో తెలుసు. అయినా ఆపలేదు.

ఆడవాళ్ళ చాపల చివర్నుంచి అత్తయ్య లేచి నిలబడింది.

"గట్టిగా సదువమ్మా," అంది. "ఎనక్కి ఇనబడ్డం నేదు."